కంచంలో మొదలయ్యే వైద్యం

అమలాపురం, రాజోలు స్కానింగ్ సెంటర్ల నుంచి బయటికొచ్చే కాగితాల్లో ఈమధ్య తరచూ కనబడే ముక్క ఒకటుంది: ఫ్యాటీ లివర్, గ్రేడ్-1. కిడ్నీలో రాయేమోనని పొట్ట స్కానింగ్‌కి వెళ్ళినవాళ్ళకి ఇది అడగని వార్త. ఆ కాగితం చూసినవాళ్ళు తలో మాటా అంటారు. గ్రేడ్ వన్నే కదా, అందరికీ ఉండేదేనని ఒకరు. మందు వాసనే పడదు నాకు, లివరు జబ్బేంటండీ అని ఒకరు. నూనె మానెయ్, కొబ్బరి మానెయ్ అని పక్కింటి వైద్యం ఒకటి. మూడింట్లోనూ రవ్వంత నిజం ఉంది. మూడింటినీ నమ్ముకుంటే మాత్రం చేయవలసిన వైద్యం చేయకుండా, అక్కర్లేని వైద్యానికి డబ్బు పోస్తాం.

ఈ అధ్యాయానికి అప్పనపల్లిని ఎంచుకోవడానికి కారణం ఉంది. మామిడికుదురు మండలంలో వైనతేయ ఒడ్డున ఉన్న ఈ ఊరిని లోకం ఎరిగింది బాల బాలాజీ గుడి వల్ల. ఆ గుడికి పూనుకున్న మొల్లేటి రామస్వామిగారు కొబ్బరి వ్యాపారి. ఊరి బతుకు కూడా కొబ్బరి, వరి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా వేసిన అక్విడక్టు గోదావరి నీటిని ఈ ఊరున్న నగరం దీవికి తెచ్చింది. నీళ్ళొచ్చాయి, వరి పండింది, తెల్లన్నం మూడు పూటలా కంచంలోకి వచ్చింది. ఆ అన్నాన్ని అరిగించే పని అప్పట్లో ఉండేది. నాట్లు, కోతలు, కుప్పనూర్పులు, కొబ్బరి దింపు, కాయ ఒలుపు, లంకల్లోకి నడక. ఇప్పుడు వరి కోసేది యంత్రం, వీధి చివరికైనా వెళ్ళేది మోటారు సైకిలు. దింపు తీసేవాళ్ళకీ ఒలుపు కూలీలకీ తప్ప ఒళ్ళు వంచే పని చాలామందికి తప్పిపోయింది. అన్నం ముద్ద మాత్రం తాతల నాటిదే.

దీని ఫలితం ఊహ మీద వదిలేయనక్కర్లేదు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం 2006లో రెండు సంగతులు బయటపెట్టింది. 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షిస్తే సుమారు 13 శాతం మందికి షుగరు ఉంది. 45 గ్రామాల్లో చావులకు కారణాలు లెక్కగడితే గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో నిలిచాయి, 32 శాతం. పల్లెటూరి జబ్బులంటే మలేరియా, విరేచనాలు అనుకునే రోజులు పోయాయని అప్పుడే తేలింది. కాలేయంలో కొవ్వు ఆ షుగరుకూ ఆ గుండెజబ్బుకూ తోబుట్టువు. ముగ్గురూ ఒక్క ఇంట్లోనే పెరుగుతారు.

కోనసీమ పిల్లలు చదువుకుని వెళ్ళే హైదరాబాదు సంగతి మరీ ఘాటుగా ఉంది. గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు కనబడింది. 71 శాతం మంది ఊబకాయులు. ఇది కుర్చీలో గంటలకొద్దీ కూర్చునే ఒక గుంపు లెక్కే తప్ప రాష్ట్రమంతటి లెక్క కాదు. అయినా ఇంట్లో తాతకు లేని జబ్బు మనవడికి 30 ఏళ్ళకే ఎందుకు వస్తోందో చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఇంతకీ ఆ కొవ్వు ఎక్కడిది? చర్మం కింద ఉండే కొవ్వు కణజాలం మన ఒంటికి గాదె లాంటిది. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ నిలవ ఉంటుంది. గాదె నిండిపోతే మిగిలిన ధాన్యం వసారాలోకీ వంటింట్లోకీ చేరినట్టు, కొవ్వు కాలేయంలోకీ పేగుల చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం మానేస్తుంది, నిలవ కొవ్వు ఆగకుండా కరిగి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. 2005లో అమెరికా శాస్త్రవేత్తలు కాలేయంలో కొవ్వు మూలాలను ప్రత్యేక గుర్తులు వేసి లెక్కగట్టారు. 59 శాతం ఇలా నిలవల నుంచి వచ్చినది. 26 శాతం కాలేయం తానే స్వయంగా తయారుచేసుకున్నది, అదీ ప్రధానంగా పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి. తిన్న నూనె, నెయ్యిల నుంచి నేరుగా వచ్చినది 15 శాతమే. నూనె మానేసి అన్నం రెండు మారులు వేసుకునేవాళ్ళ కాలేయంలో కొవ్వు ఎందుకు తగ్గదో ఈ లెక్క చెబుతుంది.

కొబ్బరి విషయం ఇక్కడే తేల్చుకుందాం, కోనసీమలో దాన్ని దాటవేయలేం. కొబ్బరిలో కొవ్వు అత్యధికభాగం సంతృప్త కొవ్వు. 2018లో ఫిన్లాండులో మనుషులకు మూడు వారాలపాటు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపించి చూశారు. ఆ అదనం సంతృప్త కొవ్వైతే కాలేయంలో కొవ్వు 55 శాతం పెరిగింది, చక్కెరలైతే 33 శాతం, అసంతృప్త కొవ్వులైతే 15 శాతం. అందుచేత కొబ్బరి నూనెను స్పూన్లతో తాగమనే యూట్యూబ్ సలహా కాలేయానికి మేలు చేసేది కాదు. అలాగని ఇడ్లీలోకి రెండు చెంచాల కొబ్బరి పచ్చడి నేరమూ కాదు. తిన్న అన్నం కంటే అది పెద్ద నేరం అసలే కాదు. కొబ్బరి బొండాం నీళ్ళలో 300 మిల్లీలీటర్లకు 8 నుంచి 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అదే కొలత కూల్‌డ్రింకులో 30 గ్రాములు దాటుతుంది. తోటలో బొండాం కోసే మనిషి చేతిలో కూల్‌డ్రింకు సీసా చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

సన్నగా ఉన్నవాళ్ళకు ఈ జబ్బు రాదనుకోవడం ఇంకో పొరపాటు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో, మనలాగే వరి తిని వరి పండించే 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రచురించారు. 8.7 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. వాళ్ళలో ముప్పావు వంతు మంది బీఎంఐ 25 దాటనివాళ్ళు. దక్షిణాసియా ఒంట్లో కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. అందుకే మనకు బీఎంఐ హద్దు 25 కాదు, 23. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80.

ఇప్పుడు అసలు సంగతి. స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్ చెప్పేది కాలేయంలో కొవ్వు ఎంత అని మాత్రమే. ఆయుష్షును నిర్ణయించేది కొవ్వు కాదు, మచ్చ. కొవ్వు చేరిన కాలేయాల్లో కొన్నింట్లో వాపు వస్తుంది. వాపు ఏళ్ళ తరబడి ఉంటే నారపోగుల్లాంటి మచ్చ కణజాలం అల్లుకుంటుంది. దాన్ని వైద్యులు సున్నా నుంచి నాలుగు దాకా దశలుగా లెక్కిస్తారు. నాలుగో దశే సిర్రోసిస్. గ్రేడ్-3 కొవ్వు ఉండి మచ్చ లేనివాళ్ళు ఉంటారు. గ్రేడ్-1 అని నిశ్చింతగా ఉంటూ మూడో దశ మచ్చ మోస్తున్నవాళ్ళూ ఉంటారు. మామూలు అల్ట్రాసౌండ్‌కు ముదరని మచ్చ కనబడదు. 20 శాతం లోపు కొవ్వును కూడా అది తరచూ పట్టుకోలేదు.

మచ్చ ఉందో లేదో మొదట అంచనా వేయడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసును ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైముతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో రాసి, ఏఎల్‌టీ అనే రెండో ఎంజైము వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 50 ఏళ్ళ మనిషి ఒకరికి ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. 50ని 40తో గుణిస్తే 2,000. 49కి వర్గమూలం 7, దాన్ని 200తో గుణిస్తే 1,400. భాగిస్తే 1.43. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ చూసుకుంటే చాలు. 65 దాటినవాళ్ళకు ఈ హద్దు 2. 2.67 దాటితే కాలేయ వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. మన ఉదాహరణలోని మనిషి నడుమ పడ్డాడు కాబట్టి ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. కాలేయం ఎంత గట్టిపడిందో అది కిలోపాస్కళ్ళలో చెబుతుంది, 8 లోపు వస్తే భయం లేదు. ఎంజైములు రెండూ మామూలుగా ఉన్నాయి కదా అని ఈ లెక్క మానేయకూడదు. మచ్చ ఉన్నవాళ్ళలోనూ అవి మామూలుగా ఉండొచ్చు.

ఇక వైద్యం. ఇప్పటివరకు ఏ మాత్రకూ అందని ఫలితం బరువు తగ్గడంలో వచ్చింది. క్యూబాలో వాపు దశలో ఉన్న 293 మందిని ఆహారం, నడకల మీద ఏడాది నడిపించి, మొదటా చివరా కాలేయం ముక్క తీసి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. ఒంటి బరువులో 10 శాతం తగ్గినవాళ్ళలో 90 శాతం మందికి వాపు పోయింది. 45 శాతం మందికి మచ్చ వెనక్కి తగ్గింది. 80 కిలోల మనిషికి 10 శాతమంటే 8 కిలోలు. ఆ ఏడాదిలో అంత తగ్గినవాళ్ళు పదిమందిలో ఒక్కరే, ఆ మాట కూడా చెప్పుకోవాలి. 5 శాతం తగ్గినా కొవ్వు తగ్గుతుంది, 7 శాతానికి వాపు తగ్గుతుంది. సన్నటివాళ్ళకు 3 నుంచి 5 శాతం చాలు.

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 2011లో షుగరు రోగులను ఎనిమిది వారాలు రోజుకు 600 కేలరీల చొప్పున ఉంచారు. మొదటి వారంలోనే కాలేయం కొవ్వు 30 శాతం పడిపోయింది. గాదె కంటే ముందు కాలేయమే ఖాళీ అవుతుందన్నమాట. ఇది వైద్యుల కంటి ముందు చేసింది. షుగరు మాత్రలు వేసుకుంటూ ఇంట్లో ఈ ప్రయోగం చేస్తే కళ్ళు తిరిగి పడతారు.

అప్పనపల్లి కంచంలో దీన్ని ఎలా అమర్చుకోవాలి? మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ ఖాళీలోకి పప్పు, కందా బచ్చలి, పొట్ల, బీర, ఆనప తేవచ్చు. గోదావరి ఒడ్డున పుట్టి చేప తినమని ఇంకొకరితో చెప్పించుకోనక్కర్లేదు. కాకపోతే వేపుడుకంటే పులుసు మేలు, ఆ పులుసు రుచికి అన్నం మూడోసారి కలపకుండా ఉంటేనే. రాత్రి పెందలాడే తినాలి, తక్కువ తినాలి. కాఫీ తాగే అలవాటున్నవాళ్ళలో మచ్చ తక్కువగా కనిపిస్తోందని చాలా పరిశీలనల్లో తేలింది, పంచదార వేయనంతవరకు తాగవచ్చు. గుళ్ళో అన్నప్రసాదం తిన్న రోజు వల్ల ఏమీ కాదు. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు పరిచే వందరకాల వల్ల కూడా కాలేయం పాడవదు, అల్లుడు సంక్రాంతిని మాఘమాసం దాకా పొడిగిస్తే తప్ప. ఆత్రేయపురం పూతరేకులు పండక్కి తింటే పండగే. అవి ఫ్రిజ్జు పక్కన డబ్బాలో కాపురం పెట్టినప్పుడే చిక్కు. రోజూ జరిగేది లెక్కలోకొస్తుంది.

నడక సంగతి వేరు. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా, వ్యాయామం కాలేయంలో కొవ్వును తగ్గిస్తుంది. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. ఏటిగట్టు ఉన్న ఊళ్ళో జిమ్ము ఎందుకు? దాంతోపాటు బరువులెత్తే పని వారానికి రెండు రోజులుండాలి, కండ పెరిగితే చక్కెర నిలవకు మరో చోటు దొరుకుతుంది.

మందుల దుకాణం గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. లివర్ టానిక్కుల పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటికి మచ్చను తగ్గించిన రుజువు లేదు. అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మామూలు మోతాదులో పనిచేయదని 2004 నాటికే తేలింది. మెట్‌ఫార్మిన్ షుగరుకు మంచి మందు, కాలేయం వాపుకు కాదు. తిప్పతీగ కషాయం కోవిడ్ కాలంలో ఇంటింటా మరిగింది. దాన్ని తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా, ముందే జబ్బుపడిన కాలేయానికి పసర్లతో పరీక్ష పెట్టకండి.

విటమిన్-ఇ కథ కొంచెం నయం. అమెరికాలో 247 మంది మీద 96 వారాలు జరిగి 2010లో వెలువడిన పరీక్షలో, రోజుకు 800 యూనిట్లు తీసుకున్నవాళ్ళలో 43 శాతం మందికి వాపు మెరుగైంది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 19 శాతం. ఆ పరీక్షలో ఉన్నది షుగరు లేనివాళ్ళే. మచ్చను అది కదిలించలేదు. పైగా అదే విటమిన్ ఎక్కువ కాలం వాడిన మగవాళ్ళలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో మరో పరీక్షలో కనబడింది. విటమిన్-ఇ ఆకుపచ్చ గొట్టాలు వెంట్రుకలకి మంచివట అని కొనుక్కునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పయోగ్లిటజోన్ వాపు మీద బాగా పనిచేస్తుంది, షుగరు ఉన్నవాళ్ళకు మరీ. కానీ బరువు పెంచుతుంది, కాళ్ళకు నీరు తెస్తుంది, ఎముకలు పలచబరుస్తుంది. 2013లో మన ప్రభుత్వం దాన్ని నిషేధించి, రెండు నెలలు తిరక్కుండానే హెచ్చరికతో మళ్ళీ అనుమతించింది. సారోగ్లిటజార్ మనదేశపు మందు, అహ్మదాబాదు కంపెనీది. ఈ జబ్బుకు 2020లో భారత ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందింది. ఎంజైములనూ కొవ్వునూ తగ్గించినట్టు పరీక్షల్లో తేలింది. బరువు తగ్గే పనికి బదులుగా దీన్ని రాయించుకోవడం మాత్రం తెలివైన బేరం కాదు.

మచ్చ రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్ళకు ఇటీవల నిజంగా దారులు తెరుచుకున్నాయి. రెస్మెటిరోమ్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2024 మార్చిలో ఆమోదించింది, ఈ జబ్బుకంటూ అక్కడ వచ్చిన మొదటి మందు అదే. 966 మంది మీద జరిగిన పరీక్షలో పెద్ద మోతాదు తీసుకున్నవాళ్ళలో 30 శాతం మందికి వాపు పోయింది, ఉత్తుత్తి మాత్రతో 10 శాతం మందికి. మచ్చ ఒక దశ తగ్గినవాళ్ళు 26 శాతం, అవతల 14. అమెరికాలో దాని ధర ఏడాదికి 47 వేల డాలర్లు, మన లెక్కలో 40 లక్షలకు అటూ ఇటూ. 2025 ఆగస్టులో, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కు కూడా అక్కడ ఆమోదం వచ్చింది. దానితో వాపు పోయినవాళ్ళు 63 శాతం, అవతల 34. మచ్చ తగ్గినవాళ్ళు 37, అవతల 22. దాని పేటెంట్ గడువు భారత్‌లో 2026 మార్చి వరకే కాబట్టి ధర దిగడానికి దారి ఉంది. అయితే ఇంజెక్షన్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వస్తుందని ఊబకాయం పరీక్షల్లో చూశారు. కంచం మారకుండా సూది గుచ్చుకుంటే జీవితాంతం గుచ్చుకోవాల్సిందే. బాగా లావున్నవాళ్ళకు జీర్ణాశయం చిన్నది చేసే ఆపరేషన్ ఒక దారి. 2023లో ఇటలీ పరీక్షలో దానితో వాపు పోయినవాళ్ళు సగానికి పైగా.

రెండు భయాలను పోగొట్టాలి. ఒకటి, కొలెస్టరాల్ మాత్రలు కాలేయాన్ని పాడుచేస్తాయని ఆపేయడం. కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్ళను ఎక్కువగా చంపేది గుండెపోటు, కాలేయం కాదు. ఆ మాత్రలు, అంటే స్టాటిన్లు, వీళ్ళకు క్షేమం, చాలామందికి అవసరం కూడా. రెండు, మందు ముట్టనివాళ్ళకు ఈ జబ్బు అంటగడితే పరువు పోతుందనుకోవడం. 2023లో ప్రపంచ వైద్య సంఘాలు పాత పేరు తీసేసి జీవక్రియ జబ్బుగా దీనికి కొత్త పేరు పెట్టింది కొంతవరకు ఇందుకే. తాగేవాళ్ళకు మాత్రం మినహాయింపు లేదు. మచ్చ మొదలైతే కల్లైనా బీరైనా పూర్తిగా మానాలి.

నాలుగో దశకు చేరినవాళ్ళకు ఆరు నెలలకోసారి కాలేయ క్యాన్సర్ కోసం స్కానింగ్ తప్పదు. కామెర్లు, పొట్టలో నీరు, రక్తం కక్కుకోవడం మొదలైతే కాలేయ మార్పిడి ఆపరేషన్ మాటే. దానికి దాత కావాలి, అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో ఎదురుచూపు కావాలి, లక్షలు కావాలి.

అంత దూరం పోకుండా ఆపే ఏర్పాటు కాగితం మీద ఉంది. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం ఈ జబ్బును జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో నడుము కొలత గడి ఉంటుంది. ఆ అమ్మాయి టేపు తీస్తే, ఎందుకులే అమ్మా, మేం బానే ఉన్నాం అని గుమ్మంలోంచే పంపేయకండి. కొలిపించుకోండి. 90, 80 దాటితే షుగరు పరీక్షతోపాటు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు కూడా చేయించి, ఫిబ్-4 ఎంతో చెప్పమని డాక్టరుగారిని అడగండి.